చూద్దాం గారు

మా బావను ఎదుటి పార్టీవాళ్ళు మీటింగుల్లో ‘చూద్దాం గారు’ అనేవాళ్ళు. ఏడుసార్లు అసెంబ్లీకి గెలిచి, సభలో పార్టీకి నాయకుడై, ఎంతోమందికి తన సంతకంతో టిక్కెట్లు ఇచ్చిన మనిషికి చివరికి దక్కిన బిరుదు అదా అని నాకు ఒళ్ళు మండేది. బావ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి పొట్ట కదిలేలా నవ్వేవాడు.

“పోనీలేరా. వాళ్ళ నాయకుడు ఆ మాటైనా అనడు.”

ఆ మాట లోతు పూర్తిగా తెలిసినవాళ్ళం ముగ్గురమే: బావ, మా అక్క, నేను. డిగ్రీ అయ్యాక ఏదో ఉద్యోగం దొరికేదాకా అక్క దగ్గర ఉందామని వచ్చి, ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ ఇంటి ముందుగదిలో టైపు మిషను వెనకాల పాతుకుపోయినవాణ్ణి నేను. పొద్దున ఆరున్నర నుంచి జనం వస్తారు. అర్జీ చదివి బావ ‘చూస్తాను’ అన్నాడంటే పని అయినట్టే. సాయంత్రంలోగా నేను ఉత్తరం కొట్టి సంతకానికి పెట్టాలి. ‘చూసి చెప్తాను’ అంటే లోపలికెళ్ళి అక్కనడగాలని. ‘చూద్దాం’ అన్నాడా, ఇక ఆ పని కాదు. నేను కలం ముట్టను. ఆ కాగితం నా కాళ్ళ దగ్గరున్న ట్రంకు పెట్టెలోకి పోతుంది. మొహం మీద కాదనడం బావకు చేతకాదు మరి. వచ్చినవాళ్ళు మాత్రం మూడు మాటలకూ ఒకేలా దణ్ణం పెట్టి, మెట్లు దిగుతూ చెప్పులు వెతుక్కునేవాళ్ళు.

ఇంట్లో కూడా అదే భాష. ఆ వేసవి ఎన్నికలు ప్రకటించిన మర్నాడు అక్క టీ తెచ్చి బావ కప్పులో పోస్తుంటే, టీ కప్పులో కాకుండా పేపరు మీద పడింది. అక్కకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి అప్పటికి రెండేళ్ళు.

“ఏమండీ, ఇక ఆపరేషన్ చేయించుకోవాలి. మీరు పక్కనుండాలి.”

“ఎవరో ఒకరు తీసుకెళ్తార్లే. కారుంది, డ్రైవరున్నాడు, వీడున్నాడు.” నన్ను చూపించాడు.

“ఎవరో ఒకరు కాదు. మీరు.”

“ఎన్నికలవనీ. చూద్దాం.”

“మీరు రెండేళ్ళుగా చూద్దాం చూద్దాం అంటూంటే ఇక్కడ నా చూపే పోతోంది” అంది అక్క, తడిసిన పేపరు మడతపెడుతూ. బావ నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క నవ్విందో లేదో చూసుకోలేదు.

రెండు రోజుల తర్వాత వంటింట్లో బియ్యం చేటను మొహానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని రాళ్ళు ఏరుతూ అంది.

“ఒరేయ్, డాక్టరు తేదీ ఇచ్చాడ్రా. వచ్చే గురువారం.”

“గురువారమా? నామినేషన్లకి అదే ఆఖరి రోజు కదక్కా. బావ ఎప్పుడూ ఆఖరి రోజే వేస్తాడాయె.”

“తెలుసు. ఆయన సోమవారం ఇస్తానన్నాడు. నేనే గురువారం అడిగాను.”

అక్క ఒక రాయి ఏరి, వేళ్ళ మధ్య నలిపి, అది బియ్యపుగింజేనని తెలిసి మళ్ళీ చేటలో వేసింది.

“ఏడుసార్లు గుమ్మం దాకా వచ్చి ఆయన్ని నామినేషనుకి పంపాన్రా. పిల్ల పుట్టిననాడు కూడా సభలోనే ఉన్నారు, ఏనాడూ అడగలేదు. ఈ ఒక్కసారి ఆయన నన్ను పంపనీ. కట్టు విప్పాక మొదట ఎవరు కనబడితే వాళ్ళు కనబడతార్లే అనుకోడానికి మనసొప్పట్లేదు.”

“బావకి చెప్పావా తేదీ?”

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“ఏమంటారు?” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నా మనసులో మాట చెప్పాలంటే, నాకు బావ నిలబడాలనే ఉంది. ఆ కుర్చీ పోతే నా టైపు మిషనెక్కడ, నేనెక్కడ? యాభై దాటినవాణ్ణి, ‘పెద్దాయన బావమరిది’ అన్న పేరు తప్ప ఊళ్ళో నాకు వేరే పేరు లేదు. అందుకని అక్క మీద జాలిపడుతూనే వెళ్ళి బావ నామినేషను కాగితాలు నింపుతూ కూర్చున్నాను.

*

సైకిల్ షాపు ముసలాయన వచ్చింది ఆ గురువారానికి ముందు ఆదివారం.

ఆయన ఏటా ఒకసారి వచ్చేవాడు, ఎండలు ముదిరే ముందు. కాలవకు ఇవతల ఆయన షాపు, అవతల బడి. మధ్యలో నడిచి దాటేందుకు ఒక చిన్న వంతెన కావాలని అడిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడే ఇంజనీర్లు అక్కడ వంతెన కుదరదన్నారు. పెద్ద రోడ్డు మీద వంతెన ఉంది కదా, మూడు కిలోమీటర్లేగా అన్నారు. బావ ‘చూద్దాం’ అన్నాడు. అప్పటినుంచి ఏటా ‘చూద్దాం’ అంటూనే ఉన్నాడు. ఏటా నేను ఆ కాగితం ట్రంకులో వేస్తూనే ఉన్నాను.

ఈసారి ఆయన చేతిలో అర్జీ లేదు. సైకిల్ ట్యూబుతో కట్టిన పెద్ద కాగితాల కట్ట ఉంది. గదిలో పార్టీవాళ్ళు ఇరవైమంది, పోస్టర్ల కట్టలు, రెండు ఫోన్లు మోగుతున్నాయి. బావ తలెత్తి చూసి అలవాటుగా అనేశాడు.

“ఆ, నీ వంతెన కదూ. చూద్దామయ్యా.”

“చూద్దామనే వచ్చానయ్యా” అన్నాడు ముసలాయన, బల్ల మీద కట్ట పెట్టి ట్యూబు విప్పుతూ. “పోయినేటి దాకా నా వంతు పూర్తి కాలేదు. అందుకని తొందరపెట్టలేదు. ఇప్పుడయింది.”

“నీ వంతేమిటి?”

ముసలాయన బావ వంక కాస్త విచిత్రంగా చూశాడు. పరాచికమాడుతున్నాడేమో అనుకున్నట్టున్నాడు.

“మీరు ‘చూస్తాను’ అనుంటే, సరే పెద్దాయన చూస్తాడులే అని షాపులో కూర్చునేవాణ్ణయ్యా. మీరట్లా అన్లేదు. ‘చూద్దాం’ అన్నారు. అంటే మీరూ నేనూ కదా.”

ఎవరో ఫోను తీశారు. ఎవరో పోస్టరు విప్పి చూపిస్తున్నారు. బావ చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

ముసలాయన ఒక్కొక్క కాగితం తీసి పెడుతున్నాడు. “ఇది కాలవ వెడల్పు, అయిదు చోట్ల కొలిచాను. ఇవి పంతొమ్మిదేళ్ళ వరద గుర్తులు, ఏ ఏడు నీళ్ళెంతెత్తు వచ్చాయో. ఇటు గట్టు నలుగురూ అటు గట్టు ముగ్గురూ జాగా ఇస్తామని చేసిన సంతకాలు. ఒకాయన తొమ్మిదేళ్ళు తిప్పుకున్నాడు లెండి, మొన్న కొడుకు పెట్టాడు. ఇది బడిలో లెక్కల మాస్టరు గీసిచ్చిన బొమ్మ. పాత గోడౌను పడగొడితే రెండు ఇనప దూలాలు తెచ్చి షాపు వెనకేసి ఉంచాను, తుప్పు పట్టకుండా ఏటా రంగేస్తున్నా. ఇక మిగిలింది కాలవల ఆఫీసువాళ్ళ అభ్యంతరం లేదన్న కాగితం ఒక్కటే. అది మాబోటివాళ్ళకివ్వరు. అది మీ వంతు.”

నా కాలు ట్రంకు పెట్టెకు తగిలింది. దాన్ని మెల్లగా బల్ల కిందికి తోశాను.

తలుపు దగ్గర గ్లాసుల పళ్ళెం పట్టుకుని అక్క నిలబడి ఉంది. ఎంతసేపట్నించో తెలియదు.

“ఇన్నేళ్ళకి మనింటికి తెలుగొచ్చిన మనిషొచ్చారు” అంది, ఎవరి వంకా చూడకుండా. పళ్ళెం తడుముకుంటూ ముసలాయన ముందు పెట్టి, “మంచినీళ్ళు తాగండన్నయ్యా” అని లోపలికెళ్ళిపోయింది.

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత లేచాడు.

“పదవయ్యా. చూద్దాం.”

“ఎక్కడికి బావా? పదింటికి మండలాలవాళ్ళొస్తున్నారు. పైగా ఎన్నికల కోడ్ ఉంది, ఇప్పుడు ఏ పని మంజూరు చేసినా...”

“మంజూరు చెయ్యట్లేదురా. చూడ్డానికి కోడ్ అడ్డమా?”

*

కాలవ మీద ఇటు నుంచి అటు మంచినీళ్ళ గొట్టం ఉంది, మనిషి నడుమంత లావు. ఏడు ఎన్నికల్లోనూ మేం అవతలి వాడకు కారులో పెద్ద రోడ్డు మీదుగా వెళ్ళి ఓట్లడిగి వచ్చాం. గొట్టం వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

ఒకావిడ రెండు పాల క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని, తాపీగా, ఇంట్లో వరండాలో నడుస్తున్నట్టు దాని మీద నడిచి వచ్చింది. ఆ వెనక ఒక పిల్ల భుజాన సైకిలేసుకుని వచ్చింది. బావను చూసి ఆగి, “మీరు పోస్టర్లో ఉంటారు కదా” అని, మా మధ్యనుంచి సైకిలెక్కి వెళ్ళిపోయింది.

“ఏడాదికి పది పదిహేను చక్రాలు వంకర్లు పోయి వస్తాయయ్యా నా దగ్గరికి” అన్నాడు ముసలాయన. “పిల్లలకి దెబ్బలు సరేసరి. వంతెనొస్తే నా బేరం పోతుంది. అయినా పోనీ.”

బావ చెప్పులు విప్పాడు. నేను వద్దంటూనే ఉన్నాను. డెబ్భై రెండేళ్ళ మనిషి గొట్టమెక్కి నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు. ముందుకూ పోలేడు, వెనక్కీ తిరగలేడు. కింద నడుం లోతు నీళ్ళు. ముసలాయన చప్పున వెళ్ళి వెనక నుంచి చెయ్యి పట్టుకున్నాడు.

“కిందికి చూడకండయ్యా. ముందుకు చూడండి. అట్లా. నేనున్నా కదా.”

అలా ఒకరి చెయ్యొకరు పట్టుకుని అవతలికి పోయారు. నేను ఇవతల బావ చెప్పులు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు కాలవల ఆఫీసుకు వెళ్ళాం. కారు గేటు బయటే ఆపించి, బయట బెంచీ మీద ముసలాయన పక్కన కూర్చున్నాడు బావ. ప్యూను చూసి కంగారుగా లోపలికి పరిగెత్తాడు. ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు.

“సార్, మీరిక్కడ...”

“ఇవాళ నేను అర్జీదారునయ్యా. వరసలో మా ముందు ముగ్గురున్నారు, కానీ వాళ్ళని.”

మా వంతు వచ్చాక ఇంజనీరు కట్టంతా తిరగేశాడు. బొమ్మ వంక చూశాడు. పాత ఫైలు తెరిచి, మూసి, గోడ మీద కేలెండరు చూసి, చాలా మర్యాదగా అన్నాడు.

“చూద్దాం సార్.”

నేను పైకప్పు వంక చూశాను. బావ లేచి, మెట్ల దాకా వచ్చి, అక్కడ గోడకానుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

“ఎంత బాగా అన్నాడ్రా! నాకంటే బాగా అన్నాడు.”

కాసేపటికి నవ్వు ఆగింది. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, మెట్లు చూసుకుంటూ అడిగాడు.

“ఇలాగే ఉండేదంటావా నా దగ్గరికొచ్చినవాళ్ళకి?”

నేను తలవంచుకుని ఒక మెట్టు దిగాను.

“రేపు మళ్ళీ వద్దామయ్యా” అన్నాడు ముసలాయనతో.

“నేను తొమ్మిదిన్నరకే వచ్చి బెంచీ పట్టుకుంటానయ్యా. పది దాటితే చోటుండదు.”

*

బుధవారం సాయంత్రం బావ ముందు పార్టీ అధికార పత్రం పెట్టాను. ఫలానా వ్యక్తి మా పార్టీ అభ్యర్థి అని ఎన్నికల అధికారికిచ్చే కాగితం అది. రాష్ట్రంలో మా పార్టీ పత్రాలన్నిటి మీదా సంతకం బావదే. మిగతావన్నీ వారం ముందే వెళ్ళిపోయాయి, తనది మాత్రం ఎప్పుడూ ఆఖర్న. కింద సంతకం పెట్టి, పేరు రాయవలసిన చోటు ఖాళీగా వదిలేశాడు.

“పేరు రాయలేదు బావా.”

“చూద్దాం.”

ముప్పయ్యొక్క ఏళ్ళలో మొదటిసారి ఆ మాట నాకర్థం కాలేదు. చూద్దాం అంటే కాదని కదా. ఏది కాదు?

గురువారం పొద్దున ఎనిమిదింటికే ఇంటి ముందు నలభై కార్లు. బాజాలు. దండలు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చి, నా చేతిలో ఒక కవరు పెట్టాడు.

“ఇది డమ్మీ మేడంకిచ్చి, నువ్వు దగ్గరుండి నామినేషను వేయించు. పదకొండింటికల్లా అక్కడుండాలి.”

డమ్మీ మేడం అంటే మా పార్టీలో పాతకాలపు మనిషి, రిటైరైన టీచరు. బావ కాగితాలు ఏ కారణం చేతైనా చెల్లకపోతే ఉంటుందని ప్రతి ఎన్నికల్లోనూ ఆవిడ చేత ఒక డమ్మీ నామినేషను వేయించేవాళ్ళం. మర్నాడు వెనక్కి తీసుకునేది. నాలుగు ఎన్నికలుగా నిలబడటం, తప్పుకోవడం, ఊరూరా తిరిగి బావకు ఓట్లడగడం ఆవిడ పని. అందుకని ఆ పేరు. కవరు తెరిచాను. ఖాళీ చోట్లో బావ చేతిరాతతో ఆవిడ అసలు పేరుంది.

“మరి నువ్వో?” అన్నాను.

“మీ అక్క కంట్లో పావుగంటకోసారి చుక్కలెయ్యాలట, ఆపరేషనుకి ముందు. నాకు పనుంది.”

‘నాకు పనుంది’ అన్న మాట ఆ ఇంట్లో ఎన్ని వేలసార్లు విన్నానో. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిసంచీతో. బావ డ్రైవరును దిగమని, నాతో వెళ్ళమని, వెనక సీటు తలుపు తీసి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

“మెట్టుంది. కిందికి చూడకు.”

“కింద చూసినా కనబడదు కదండీ” అంది అక్క.

పద్దెనిమిదేళ్ళుగా స్టీరింగు ముట్టని మనిషి తనే కారు నడుపుకుంటూ వెళ్ళాడు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. నలభై కార్లు, బాజాలవాళ్ళు నోళ్ళు తెరుచుకుని పక్కకు జరిగి దారిచ్చారు.

మేడం కవరు చదివి, కుర్చీలో కూర్చుని, “ఇది పొరపాటున రాసుంటారు, మళ్ళీ అడుగు నాయనా” అంది. రెండుసార్లు అంది. ఎవర్నడగను? బావ ఫోను నా దగ్గరే ఉందాయె. దానికి రాజధాని నుంచి వచ్చిన పిలుపులన్నీ నేనే విన్నాను. ఇక్కడ రాయదగినవి అందులో తక్కువ.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళేసరికి అక్క లోపల ఉంది. బావ బయట బెంచీ మీద ఒక్కడే. ఒక చేతిలో చుక్కల మందు సీసా. రెండో చెయ్యి గట్టిగా మూసి ఉంది. అడిగితే తెరిచాడు. అక్క గాజులు. అరచేతిలో వాటి గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

“వేశావా నామినేషన్?”

“వేశాం.”

“మొదటి చుక్క గురి తప్పి చెంప మీద పడిందిరా. మీ అక్క తిట్టింది.” ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం ఏడోసారి గెలిచిన నాడు కూడా నేను చూడనంత తేటగా ఉంది.

మర్నాడు కట్టు విప్పినప్పుడు నేను తలుపు బయటే ఉండిపోయాను. లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. “ఆ చొక్కా నిన్నటిదే కదూ, మార్చుకోలేదా?” అంతే.

*

ఆ వేసవి మిగతా రోజులు బావ మేడం కోసం ఊళ్ళు తిరిగాడు, కానీ పొద్దున పది నుంచి పన్నెండు దాకా మాత్రం కాలవల ఆఫీసు బెంచీ మీదే. పదకొండో రోజున ఇంజనీరు తనే కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. “ఇక మీరు లేవచ్చు సార్, నా వల్ల కాదు” అన్నాడు. బడులు తెరిచేలోపు దూలాలు లేచాయి. శంకుస్థాపన రాయీ లేదు, రిబ్బనూ లేదు. పాల క్యాన్లావిడే ముందు దాటింది. మేడం తక్కువ మెజారిటీతో గెలిచింది. గెలిచినా డమ్మీ మేడం అన్న పేరు పోలేదు.

నా ఉద్యోగమూ పోలేదు. ఫలితాలొచ్చిన మర్నాడు బావ ముందుగదిలోకి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, “ఆ ట్రంకు బయటికి లాగు” అన్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ళ ‘చూద్దాం’లు. ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టాం. కొందరు పోయారు. కొందరి పనులు వాటంతటవే అయిపోయాయి. ఇంకా మిగిలినవాళ్ళ కోసం రోజుకో ఆఫీసు బెంచీ మీద కూర్చుంటున్నాం. రావడం ఆలస్యమైతే సైకిల్ షాపు ముసలాయన మాకు చోటు ఆపుతాడు.

మొదటి వాన పడ్డ రోజున అక్కను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కన్ను చూసి, బాగుందని, “రెండోది ఎప్పుడు పెట్టుకుందామమ్మా?” అన్నాడు.

అక్క కొత్త కంటితో బావ వంక చూసింది.

“చూద్దాం” అన్నాడు బావ. అనేసి, నాలుక కరుచుకున్నాడు.

అక్క నవ్వింది. ఈసారి నేను చూశాను.

“అలాగే, చూద్దాం. నా వంతు కన్ను. మీ వంతు చుక్కలు. ఈసారి చెంప మీద పొయ్యకండి.” అని డాక్టరునడిగి తేదీ చెప్పించుకుని నా వైపు తిరిగింది. “ఏరా, అట్లా చూస్తావేం? రాసుకో.”

జేబులోంచి కలం తీశాను. ‘చూద్దాం’ అన్న మాట తర్వాత నేను కలం ముట్టడం అదే మొదలు.